గడువు 45 రోజులు, విచారణ అయిదేళ్లు: ఎన్నికల ఫలితంపై కోర్టుకు వెళ్తే ఏం జరుగుతుంది

2018 డిసెంబరులో జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో కొత్తగూడెం నుంచి కాంగ్రెస్ అభ్యర్థి వనమా వెంకటేశ్వరరావు గెలిచారు. ఓడిన టీఆర్ఎస్ అభ్యర్థి జలగం వెంకటరావు హైకోర్టుకు వెళ్లారు. వనమా ఎన్నికల అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారన్నది ఆయన ఆరోపణ. నాలుగేళ్ల ఏడు నెలల తర్వాత, 2023 జులై 25న తీర్పు వచ్చింది. వనమా ఎన్నిక చెల్లదనీ, 2018 డిసెంబరు నుంచే జలగం ఎమ్మెల్యే అనీ హైకోర్టు చెప్పింది. రెండు వారాలు తిరగకుండానే, ఆగస్టు 7న, సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును ఆపేసింది. ఈలోగా కొత్త ఎన్నికలు వచ్చాయి. డిసెంబరు 3న కొత్తగూడెం నుంచి గెలిచినట్టు తేలింది ఈ ఇద్దరిలో ఎవరూ కాదు, సీపీఐ అభ్యర్థి కూనంనేని సాంబశివరావు.

2018లో కొత్తగూడెంలో చట్టప్రకారం గెలిచిందెవరు అన్న ప్రశ్నకు ఆ సభ ఉన్నంతకాలం తుది జవాబు రాలేదు. ఇలాంటి వార్తలు చదివినప్పుడు చాలామందికి వచ్చే సందేహాలు కొన్ని ఉన్నాయి. కోర్టు ఎందుకు అంత ఆలస్యం చేస్తుంది? తప్పు జరిగిందని తెలిసినా ఎన్నిక రద్దు కాదేం? రెండో స్థానంలో వచ్చినవారు ఎమ్మెల్యే ఎలా అవుతారు? ఓట్లు మళ్లీ లెక్కిస్తే సరిపోదా?

క్లుప్తంగా చెప్పాలంటే: ఫలితం ప్రకటించాక దాన్ని మార్చే అధికారం ఎన్నికల సంఘానికి ఉండదు, హైకోర్టులో వేసే ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. ఆ పిటిషన్ 45 రోజుల్లో పడాలి, ఒక్క రోజు ఆలస్యమైనా చెల్లదు. కొన్ని తప్పులు రుజువైతే మెజారిటీ ఎంతున్నా ఎన్నిక రద్దవుతుంది. మరికొన్ని తప్పులు రుజువైనా, వాటివల్లే ఫలితం మారిందని చూపించకపోతే ఏమీ కాదు. పిటిషనర్ మీద గడువులు కచ్చితంగా అమలవుతాయి. కోర్టుకు పెట్టిన ఆరు నెలల గడువు మాత్రం కాగితం మీదే ఉండిపోతోంది.

ఎన్నిక నడుస్తుండగా కోర్టు ఎందుకు కలగజేసుకోదు

రాజ్యాంగంలోని 329(బి) అధికరణ ప్రకారం పార్లమెంటు, శాసనసభ ఎన్నికలను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప మరో విధంగా ప్రశ్నించకూడదు. ఈ వాక్యానికి అర్థం మొదటి సార్వత్రిక ఎన్నికల సమయంలోనే తేలిపోయింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నామక్కల్‌లో పొన్నుస్వామి అనే అభ్యర్థి నామినేషన్‌ను రిటర్నింగ్ అధికారి తిరస్కరించారు. ఆయన వెంటనే ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేశారు. నోటిఫికేషన్ నుంచి ఫలితం ప్రకటించేదాకా జరిగేదంతా ‘ఎన్నిక’ కిందికే వస్తుందనీ, మధ్యలో ఏ మెట్టు దగ్గర తప్పు జరిగినా ఎన్నిక ముగిశాకే ప్రశ్నించాలనీ 1952లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

వినడానికి ఇది అన్యాయంగానే ఉంటుంది. నామినేషన్ తప్పుగా తిరస్కరించారని ఈ రోజే తెలుస్తుంటే, ఎన్నికంతా అయ్యేదాకా ఎందుకు ఆగాలి? కానీ రెండో వైపు కూడా చూడాలి. ప్రతి నామినేషన్ మీదా, ప్రతి గుర్తు మీదా ఎవరో ఒకరు స్టే తెచ్చుకోగలిగితే ఏ ఎన్నికా చెప్పిన తేదీకి జరగదు. సభ సమయానికి ఏర్పడటం ఒక అభ్యర్థి హక్కు కన్నా ముఖ్యమని రాజ్యాంగం తేల్చింది. ఆ నష్టాన్ని తర్వాత సరిదిద్దడానికే పిటిషన్ ఉంది. అందుకే ఆ పిటిషన్ త్వరగా తేలడం ఇంత కీలకం. మధ్యలో తలుపు మూసినందుకు చివర్లో తెరుస్తామని ఇచ్చిన హామీ అది.

మొదట్లో ఈ పిటిషన్లను ఎన్నికల ట్రైబ్యునళ్లు విచారించేవి. 1966లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి ఆ పనిని నేరుగా హైకోర్టులకు అప్పగించారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల వివాదాలు 71వ అధికరణ కింద సుప్రీంకోర్టుకే వెళ్తాయి. అలా వెళ్లినవాటిలో తెలుగువారికి బాగా తెలిసింది 1969 నాటి కేసు. ఆ రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. ఇద్దరూ తెలుగువారే. సంజీవరెడ్డి వ్యక్తిత్వాన్ని కించపరుస్తూ ఒక అనామక కరపత్రం ఎంపీల మధ్య తిరిగింది. గిరి గెలిచాక ఆ కరపత్రం ఆధారంగా ఆయన ఎన్నికను కొందరు సవాలు చేశారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కరపత్రంతో గిరికి సంబంధం ఉందని రుజువు కాకపోవడంతో 1970లో పిటిషన్లను కొట్టివేశారు. 1977లో సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

మొదటి 45 రోజులు

ఎంపీ లేదా ఎమ్మెల్యే ఎన్నికను సవాలు చేసేవారు అక్కడ పోటీ చేసిన అభ్యర్థి అయినా అయ్యుండాలి, ఆ నియోజకవర్గ ఓటరైనా అయ్యుండాలి. 2019లో వారణాసిలో ప్రధాని మోదీపై పోటీకి దిగిన మాజీ బీఎస్ఎఫ్ జవాను తేజ్ బహదూర్ నామినేషన్ తిరస్కరణకు గురైంది. ఆయన వేసిన పిటిషన్ అసలు విషయం దాకా వెళ్లనే లేదు. ఆయన వారణాసి ఓటరు కాదు, చట్టప్రకారం అభ్యర్థీ కాదు కాబట్టి ఆ పిటిషన్ వేసే అర్హతే లేదని అలహాబాద్ హైకోర్టు చెప్పింది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

గెలిచినవారి ఎన్నిక ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లో పిటిషన్ వేయాలి. మామూలు సివిల్ కేసుల్లో ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదని సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది. పిటిషన్‌ను న్యాయవాది చేత పంపితే చాలదు, పిటిషనరే స్వయంగా దాఖలు చేయాలి. కర్ణాటకలోని బాగేపల్లి ఎన్నికపై వేసిన పిటిషన్ ఈ ఒక్క కారణంతోనే పోయింది. ప్రతివాదులు ఎందరుంటే అన్ని కాపీలు జతచేసి, ప్రతి కాపీ నిజప్రతి అని పిటిషనర్ సంతకం చేయాలి. ఖర్చులకు హామీగా రెండు వేల రూపాయలు డిపాజిట్ కట్టాలి. దాఖలు, ప్రతివాదులు, డిపాజిట్ నిబంధనలు పాటించకపోతే కోర్టు పిటిషన్‌ను కొట్టేయాల్సిందే, వేరే మార్గం లేదు.

వీటన్నిటికన్నా ఎక్కువ పిటిషన్లకు గండి పెట్టేది ‘ముఖ్య వాస్తవాలు’ రాయాలన్న షరతు. ‘ఓటర్లకు డబ్బు పంచారు’ అని రాస్తే చాలదు. ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఏ ఊళ్లో, ఎంత ఇచ్చారు, దానికి అభ్యర్థి ఒప్పుకోలు ఉందనడానికి ఆధారమేంటి, ఇదంతా ఉండాలి. అమేఠీ నుంచి గెలిచిన రాజీవ్ గాంధీ ఎన్నికపై వేసిన పిటిషన్‌ను ఇలాంటి వివరాలు లేవన్న కారణంగానే విచారణ లేకుండా కొట్టివేశారు. ఆరు వారాల్లో ఇంత సమాచారం సేకరించడం ఓడిపోయిన అభ్యర్థికి తేలిక కాదు. అయినా ఈ షరతును తప్పుపట్టలేం. లక్షలాది మంది ఓటేసి ఎన్నుకున్న మనిషిని ఊహాగానాల మీద అయిదేళ్లు కోర్టు చుట్టూ తిప్పడం కూడా న్యాయం కాదు.

ఒకసారి పిటిషన్ పడ్డాక అది ఇద్దరి మధ్య గొడవగా మిగలదు. పిటిషనర్ రాజీపడి వెనక్కి తీసుకుందామన్నా కోర్టు అనుమతి కావాలి. ఆ స్థానంలోకి వేరొకరు వచ్చి కేసు నడిపే వీలుంది. పిటిషనర్ చనిపోయినా అంతే. నియోజకవర్గం మొత్తానికి ఈ కేసులో హక్కు ఉందన్నది చట్టం ఉద్దేశం.

ఏం నిరూపిస్తే ఎన్నిక రద్దవుతుంది

చాలామందికి గందరగోళం కలిగించేది ఇక్కడే. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 100వ సెక్షన్ తప్పులను రెండు రకాలుగా విడదీస్తుంది.

మొదటి రకం తప్పు రుజువైతే చాలు, మెజారిటీతో పనిలేదు. గెలిచిన వ్యక్తికి పోటీచేసే అర్హతే లేకపోవడం, ఎవరి నామినేషన్నైనా తప్పుగా తిరస్కరించడం, అభ్యర్థి గానీ ఆయన ఎన్నికల ఏజెంట్ గానీ లేదా వారి సమ్మతితో మరొకరు గానీ చట్టం ‘అవినీతి చర్య’ అని పేరుపెట్టిన పని చేయడం ఇందులోకి వస్తాయి. ఓటుకు డబ్బివ్వడం, బెదిరించడం, మతం కులం పేరుతో ఓట్లడగడం, ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకోవడం, పరిమితికి మించి ఖర్చుపెట్టడం ఆ అవినీతి చర్యల జాబితాలో ఉన్నాయి.

ఇందిరాగాంధీ కేసు ఈ రకానిదే. 1971లో రాయబరేలీలో ఆమె రాజ్ నారాయణ్‌పై లక్షా పదకొండు వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు జడ్జి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆ ఎన్నికను రద్దు చేశారు. కారణాలు రెండు. గెజిటెడ్ అధికారిగా ఉన్న యశ్‌పాల్ కపూర్ సేవలను ఎన్నికల పనికి వాడుకున్నారు. సభలకు వేదికలు కట్టడం, కరెంటు ఏర్పాటు చేయడం వంటివి రాష్ట్ర ప్రభుత్వ అధికారుల చేత చేయించారు. వేదికల వల్ల లక్ష ఓట్లు అటూ ఇటూ అయ్యాయని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. ప్రభుత్వ యంత్రాంగాన్ని వాడుకోవడమే తప్పు. జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. ఆమె లోక్‌సభకు వెళ్లవచ్చు, ఓటు వేయకూడదు, జీతం తీసుకోకూడదు. మర్నాడు రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. తర్వాత 39వ రాజ్యాంగ సవరణతో ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచే తప్పించే ప్రయత్నం జరిగింది. అదే ఏడాది నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ సవరణలోని కీలక భాగాన్ని కొట్టేసింది. అయితే ఎన్నికల చట్టాన్ని కూడా పాత తేదీ నుంచి మార్చేశారు కాబట్టి, మారిన ఆ చట్టం ప్రకారం ఆమె ఎన్నిక నిలబడింది.

తెలుగునాట ఇదే తరహా దెబ్బ అంతకుముందే మర్రి చెన్నారెడ్డికి తగిలింది. 1967లో తాండూరు నుంచి ఆయన గెలుపును వందేమాతరం రామచంద్రరావు సవాలు చేశారు. అవినీతి చర్యలు రుజువై 1968లో ఆ ఎన్నిక రద్దయింది. చెన్నారెడ్డి కేంద్ర మంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది, ఆరేళ్లపాటు పోటీకి అనర్హులయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి పది స్థానాలు గెలిచినప్పుడు ఆయన మాత్రం పోటీలో లేరు. ఇలాంటి ఆరోపణకు శిక్ష ఇంత పెద్దది కాబట్టే కోర్టులు దాదాపు క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు అడుగుతాయి. ‘జరిగి ఉండవచ్చు’ అన్నంత మాత్రాన సరిపోదు.

రెండో రకం తప్పుల్లో ఇంకో మెట్టు ఎక్కాలి. వేరొకరి నామినేషన్‌ను తప్పుగా ఆమోదించడం, చెల్లని ఓట్లను లెక్కించడం, చెల్లే ఓట్లను పక్కన పడేయడం, నిబంధనలు పాటించకపోవడం. ఇవి జరిగాయని రుజువు చేశాక, వాటివల్ల ఫలితం తారుమారైందని కూడా చూపించాలి. ఇది ఎంత కష్టమో 1954 నాటి వశిష్ట నారాయణ్ శర్మ కేసు చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ ప్రాంతంలో గెలిచిన అభ్యర్థికి 12,868 ఓట్లు, రెండో స్థానంలోని అభ్యర్థికి 10,996 వచ్చాయి. తేడా 1,872. నామినేషన్ తప్పుగా ఆమోదం పొందిన మరో అభ్యర్థికి 1,983 ఓట్లు పడ్డాయి. అంటే తేడా కన్నా 111 ఎక్కువ. ఆ అభ్యర్థి బరిలో లేకపోతే ఆ ఓట్లు రెండో వ్యక్తికి పడేవేమో కదా అన్నది వాదన. ‘పడేవేమో’ అన్న అంచనా మీద ఎన్నికను రద్దు చేయలేమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 1,983 మందిలో ఎందరు ఎటు వెళ్లేవారో రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ఆ సంగతి కోర్టుకూ తెలుసు. అయినా రుజువు చేసే భారం పిటిషనర్ మీదే ఉంచింది. డెబ్భై ఏళ్లు దాటినా ఈ సూత్రం మారలేదు.

ఈ రెండో రకం పిటిషన్ గెలవడం అరుదే గానీ అసాధ్యం కాదు. 1982లో కేరళలోని పరవూరులో దేశంలోనే మొదటిసారి ఓటింగ్ యంత్రాలు వాడారు. 84 పోలింగ్ కేంద్రాల్లో 50 చోట్ల యంత్రాలు పెట్టారు. శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన ఎ.సి. జోస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. యంత్రాలు పాడయ్యాయా, మోసం జరిగిందా అన్న చర్చే అక్కర్లేకపోయింది. చట్టంలో బ్యాలెట్ కాగితం తప్ప యంత్రం మాటే లేదు కాబట్టి, 1984లో ఆ 50 కేంద్రాల్లో మళ్లీ పోలింగ్ పెట్టమని కోర్టు ఆదేశించింది. ఈసారి జోస్ గెలిచారు. ఆ తర్వాతే యంత్రాలకు చోటిస్తూ చట్టాన్ని సవరించారు.

అఫిడవిట్ చుట్టూ కేసులు

గత పాతికేళ్లలో ఎన్నికల పిటిషన్ల రూపం మారిపోయింది. బూత్‌లో ఏం జరిగిందన్నది వెనక్కి వెళ్లి, నామినేషన్‌తో పాటు ఏం రాసిచ్చారన్నది ముందుకు వచ్చింది. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కు అని 2002, 2003ల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు ఇందుకు మూలం. డబ్బు పంచారని నిరూపించాలంటే సాక్షులు కావాలి, వాళ్లు మాట మారుస్తారు. అఫిడవిట్‌లో ఒక భూమి, ఒక కేసు లేదా ఒక బ్యాంకు ఖాతా రాయలేదని చూపించడానికి కాగితం చాలు. పిటిషన్లు అటు మళ్లడంలో ఆశ్చర్యమేమీ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇటీవల రద్దయిన ఎన్నికలు ఎక్కువగా ఈ దారిలోనివే. ఉమ్మడి హైకోర్టు 2018 నవంబరులో మడకశిర ఎమ్మెల్యే ఈరన్న ఎన్నికను రద్దుచేసి, రెండో స్థానంలో వచ్చిన తిప్పేస్వామిని ఎన్నికైనట్టు ప్రకటించింది. ఆ ఎన్నిక 2014 నాటిది, తిప్పేస్వామి సభలో అడుగుపెట్టేసరికి మిగిలింది నెలలే. 2023 ఆగస్టులో గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నికను తెలంగాణ హైకోర్టు రద్దుచేసి డి.కె. అరుణను ఎమ్మెల్యేగా ప్రకటించింది. కొత్తగూడెంలాగే అక్కడా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఏ వివరం దాస్తే ఎన్నిక పోతుందన్న విషయంలో మాత్రం సుప్రీంకోర్టు తీర్పులు ఒకే తీరున లేవు. మణిపూర్‌లోని మొయిరాంగ్ ఎమ్మెల్యే తనకు లేని ఎంబీఏ డిగ్రీ ఉన్నట్టు రాశారు. 2016లో కోర్టు ఆయన ఎన్నిక చెల్లదంది. పోటీలో ఉన్నది ఇద్దరే కాబట్టి, గెలిచినవారి నామినేషనే తప్పుగా ఆమోదం పొందితే ఫలితం మారిందని వేరే నిరూపించనక్కర్లేదని కూడా చెప్పింది. క్రిమినల్ కేసులు దాచడం ఓటరుపై అనుచిత ప్రభావమేనని 2015లోనే మరో తీర్పు వచ్చింది. ఆ వరసకు 2024 ఏప్రిల్‌లో కళ్లెం పడింది. అరుణాచల్‌లోని తేజు ఎమ్మెల్యే కారిఖో క్రి మూడు వాహనాల సంగతి రాయలేదని గువాహటి హైకోర్టు ఆయన ఎన్నికను రద్దుచేస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. అభ్యర్థికి కూడా గోప్యత ఉంటుందనీ, ఓటరు నిర్ణయాన్ని ప్రభావితం చేసేంత విలువైన ఆస్తులైతే తప్ప ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ రాయనక్కర్లేదనీ చెప్పింది. చిన్న పొరపాటునూ ఉద్దేశపూర్వకంగా దాచడాన్నీ ఒకే గాటన కట్టకూడదన్న ఈ తీర్పు సబబైనదే. అయితే ‘ప్రభావితం చేసేంత’ అన్న గీత ఎక్కడుందో ఇకముందు ప్రతి కేసులోనూ విడిగా తేలాల్సిందే. పిటిషన్లు ఇంకా ఎక్కువకాలం నడవడానికి అదొక కారణం కావచ్చు.

రెండో స్థానంలో ఉన్నవారు ఎమ్మెల్యే ఎలా అవుతారు

ఎన్నిక రద్దయితే మామూలుగా ఆ స్థానం ఖాళీ అవుతుంది, ఉప ఎన్నిక వస్తుంది. పిటిషనర్ ‘నన్ను గెలిచినట్టు ప్రకటించండి’ అని అదనంగా కోరితేనే రెండో ప్రశ్న వస్తుంది. 101వ సెక్షన్ ప్రకారం, చెల్లే ఓట్లు నిజంగా పిటిషనర్‌కే ఎక్కువ వచ్చాయని గానీ, అవినీతి చర్య వల్ల వచ్చిన ఓట్లు తీసేస్తే ఆయనకే ఎక్కువ ఉండేవని గానీ తేలాలి. ఇద్దరే పోటీపడి, గెలిచినవారు అనర్హులైతే మిగిలినవారిని ప్రకటించడం తేలిక. అయిదారుగురు పోటీలో ఉన్నచోట గెలిచినవారి ఓట్లు తీసేస్తే అవి ఎవరికి పడేవో ఎవరూ చెప్పలేరు. కర్ణాటకలోని భాల్కి కేసులో 2002లో సుప్రీంకోర్టు ఈ కారణంతోనే రెండో అభ్యర్థిని ప్రకటించడానికి ఒప్పుకోలేదు. ఎక్కువమంది ఓటర్లు వద్దనుకున్న అభ్యర్థిని కోర్టు ఉత్తర్వుతో సభకు పంపడం చిన్న విషయం కాదు.

ఇలా కోరడంలో పిటిషనర్‌కు ఒక రిస్క్ కూడా ఉంది. అప్పుడు గెలిచిన అభ్యర్థి ఎదురు తిరిగి ‘ఆయన కూడా తప్పులు చేశారు’ అని నిరూపించే హక్కు పొందుతారు. విచారణ రెండింతలవుతుంది.

ఎన్నిక రద్దయిన ఎమ్మెల్యే అప్పటిదాకా సభలో వేసిన ఓట్లు, చేసిన పనులు మాత్రం చెల్లుతాయి. చట్టం అలాగే రాసింది. లేకపోతే ప్రతి తీర్పుతో పాత బిల్లులన్నీ ప్రశ్నార్థకం అవుతాయి.

రీకౌంటింగ్, ఈవీఎం, 45 రోజుల తర్వాత మిగిలేది

తక్కువ తేడాతో ఓడినవారు ముందుగా అడిగేది రీకౌంటింగ్. దానికి సరైన చోటు కౌంటింగ్ హాలే. ఫలితం ప్రకటించేలోపు కారణాలతో రాతపూర్వకంగా రిటర్నింగ్ అధికారిని అడగాలి. ఆయన ఒప్పుకోవచ్చు, కారణం రాసి తోసిపుచ్చవచ్చు. ప్రకటన అయ్యాక ఆయన చేతిలో ఏమీ ఉండదు. కోర్టుల్లో రీకౌంటింగ్ అడిగితే ఇవ్వడం ఆనవాయితీ కాదు. తేడా తక్కువగా ఉండటం ఒక్కటే కారణంగా చాలదు. ఏ టేబుల్ దగ్గర, ఏ రౌండ్‌లో ఏం తప్పు జరిగిందో చూపించాలి. ‘ముందు లెక్కించండి, తప్పుంటే తెలుస్తుంది’ అన్న వాదనను సుప్రీంకోర్టు 1989లో ఒప్పుకోలేదు. లెక్కించాక వచ్చిన తేడాను చూపి లెక్కింపును సమర్థించుకోకూడదని చెప్పింది.

యంత్రాల విషయంలో పరిస్థితి కొంత మారింది. ఈవీఎం లెక్కతో, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీలను పోల్చే కేంద్రాలను పెంచాలని చంద్రబాబునాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు వేసిన కేసులో, 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒకటిగా ఉన్న సంఖ్యను అయిదుకు పెంచింది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో నూరు శాతం చీటీల లెక్కింపును తోసిపుచ్చుతూనే ఒక కొత్త వెసులుబాటు ఇచ్చింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవారు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో ఖర్చు కట్టి అడిగితే, సెగ్మెంట్‌లో అయిదు శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లను (యంత్రాన్ని నడిపే చిప్‌లను) తయారీ సంస్థ ఇంజినీర్ల చేత తనిఖీ చేయించాలి.

ఇక్కడ కూడా 45 రోజుల గడువే కీలకం. పిటిషన్ పడకపోతే ఆ గడువు తర్వాత యంత్రాలను వేరే ఎన్నికలకు తీసుకుపోవచ్చు. పోలింగ్ వీడియోలను కూడా, పిటిషన్ లేకపోతే, 45 రోజుల తర్వాత తొలగించవచ్చని ఎన్నికల సంఘం 2025 మేలో అధికారులకు చెప్పింది. అంటే అనుమానం ఉన్న అభ్యర్థి ఆరు వారాల్లో కదలకపోతే పిటిషన్ హక్కే కాదు, ఆధారం కూడా పోతుంది. పిటిషన్ పడినచోట కూడా భద్రత అనుకున్నంత గట్టిగా లేదని ధర్మపురి చూపించింది. 2018లో అక్కడ కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో అడ్లూరి లక్ష్మణ్‌కుమార్‌పై గెలిచారు. కేసు విచారణలో భాగంగా 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళంచెవులు దొరకలేదు. కోర్టు ఆదేశంతో తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. చివరికి ఆ పిటిషన్‌ను హైకోర్టు కొట్టివేసింది.

ఆలస్యం ఎక్కడ పుడుతోంది

ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ‘ప్రయత్నించాలి’ అన్న మాట దగ్గరే గడువు వదులైపోయింది. హైకోర్టు జడ్జి ఎన్నికల పిటిషన్లతో పాటు రిట్లు, అప్పీళ్లు, బెయిళ్లు అన్నీ చూడాలి. పిటిషన్‌లో సాక్షులను పిలిచి, క్రాస్ ఎగ్జామినేషన్ చేయాలి. అది జిల్లా కోర్టులో రోజూ జరిగే పని, హైకోర్టుకు అలవాటైన పని కాదు. జడ్జి బదిలీ అయినా రిటైరైనా కేసు ఇంకొకరి దగ్గర మళ్లీ మొదలవుతుంది. గెలిచిన అభ్యర్థికి ఎలాగూ తొందర ఉండదు. నోటీసు అందలేదనడం, పిటిషన్‌ను ముందే కొట్టేయమని దరఖాస్తు పెట్టడం, ఆ దరఖాస్తు ఓడితే సుప్రీంకోర్టుకు వెళ్లడం, ఒక్కోదానికి కొన్ని నెలలు పడతాయి.

హైకోర్టు తీర్పుపై 30 రోజుల్లో నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. స్టే వస్తే పదవి నిలుస్తుంది. వేములవాడ ఉదంతం ఈ మొత్తం లోపానికి అద్దం పడుతుంది. 2009 నుంచి అక్కడ ఎమ్మెల్యేగా ఉన్న చెన్నమనేని రమేశ్ భారత పౌరసత్వాన్ని ఆది శ్రీనివాస్ సవాలు చేశారు. 2013లో ఉమ్మడి హైకోర్టు రమేశ్ ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో, 2018లో ఆయన మళ్లీ గెలిచారు. 2019లో కేంద్ర హోంశాఖ ఆయన పౌరసత్వాన్ని రద్దుచేసింది, అదీ కోర్టుకెక్కింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు, ఆ స్థానంలో ఉన్నది ఆది శ్రీనివాసే. సభలో కూర్చునే అర్హత ఉందా లేదా అన్న తొలి ప్రశ్నకు జవాబు రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

మిగతా దేశాల్లో ఇంత సమయం పట్టదు. బ్రిటన్‌లో పిటిషన్ వేయడానికి 21 రోజులే గడువు, ఇద్దరు జడ్జీల ప్రత్యేక కోర్టు విచారిస్తుంది. 2010 మేలో 103 ఓట్లతో గెలిచిన ఫిల్ వూలస్ ప్రత్యర్థి గురించి అబద్ధాలు ప్రచారం చేశారని ఆ నవంబరులోనే ఎన్నిక రద్దయింది, జనవరిలో ఉప ఎన్నిక జరిగింది. కెన్యాలో అధ్యక్ష ఎన్నికపై పిటిషన్‌ను సుప్రీంకోర్టు 14 రోజుల్లో తేల్చాలని రాజ్యాంగమే చెబుతుంది. 2017లో ఆ గడువులోనే ఎన్నికను రద్దుచేసి మళ్లీ పోలింగ్ పెట్టించింది. కెన్యా నమూనాను 543 లోక్‌సభ స్థానాలకు, నాలుగు వేలకు పైగా అసెంబ్లీ స్థానాలకు యథాతథంగా తేలేం. కానీ ఎన్నికలయ్యాక ఏడాదిపాటు ఈ కేసులే చూసే జడ్జీని ప్రతి హైకోర్టులో కేటాయించడానికి రాజ్యాంగ సవరణ ఏమీ అక్కర్లేదు. సాక్ష్యాలు రోజువారీగా నమోదు చేయాలని చట్టంలో ఇప్పటికే ఉంది.

పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల వివాదాలకు ఆయా రాష్ట్ర చట్టాల కింద వేరే ట్రైబ్యునళ్లు ఉంటాయి, సాధారణంగా స్థానిక సివిల్ జడ్జీలే ఆ బాధ్యత చూస్తారు. ఊరికి సంబంధించిన విషయం ఊరి దగ్గరే తేలితే త్వరగా అయిపోతుందనిపిస్తుంది. హర్యానాలోని పానిపట్ జిల్లా బువానా లాఖు గ్రామంలో 2022 నవంబరు 2న సర్పంచ్ ఎన్నిక జరిగింది. ఒక బూత్ లెక్క తారుమారైందని ఓడిన అభ్యర్థి ట్రైబ్యునల్‌కు వెళ్లారు. అక్కడ రీకౌంటింగ్ ఉత్తర్వు రావడానికి 2025 ఏప్రిల్ దాకా పట్టింది, హైకోర్టు దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు యంత్రాలను ఢిల్లీకి తెప్పించి, తన ప్రాంగణంలోనే రిజిస్ట్రార్ సమక్షంలో వీడియో తీస్తూ లెక్కించింది. ఓడిపోయారని ప్రకటించిన అభ్యర్థికి 1,051, గెలిచారన్న అభ్యర్థికి వెయ్యి ఓట్లు వచ్చాయి. లెక్కించడానికి పట్టింది ఒక్క రోజు. ఆగస్టు 11న కోర్టు ఉత్తర్వు ఇచ్చేసరికి అయిదేళ్ల పదవీకాలంలో రెండేళ్ల తొమ్మిది నెలలు గడిచిపోయాయి.